కొండల మధ్య ఊరే, కానీ ఎల్‌బీ నగర్ కన్నా కిందుంది: పేరంటాలపల్లి వెళ్ళే ముందు

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క ఊరి గురించి మాట్లాడుకుందాం. చిన్న ఊరు. చుట్టూ కొండలు, కింద గోదావరి, పైన నేషనల్ పార్క్ అడవి. పేరు పేరంటాలపల్లి. కొంతమంది పేరంటపల్లి అని కూడా అంటారు.

ఎందుకు ఈ ఊరు అంటే, మీలో చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. స్విట్జర్లాండ్ రీల్స్ చూస్తారు కదా, పచ్చటి లోయ, కొండ కింద నాలుగు చెక్క ఇళ్ళు, ఆవుల మెడలో గంటలు. చూసి, "అన్నా, ఇట్లాంటి ఊరు మన దగ్గర లేదా?" అంటారు. చలి కావాలంటే లంబసింగి ఉంది, తెల్లారుజామున పొగమంచు చూసుకొని రావచ్చు. కానీ లంబసింగి నేషనల్ పార్క్‌లో లేదు. కొండలు, నేషనల్ పార్క్, అందులో మనుషులు బతికే ఊరు, ఈ మూడూ ఒకేచోట కావాలంటే మన తెలుగు నేల మీద నాకు ముందు గుర్తొచ్చేది పాపికొండలే.

ఒక్కటి ముందే చెప్తున్నా, తర్వాత తిట్టుకోవద్దు. అక్కడ మంచు పడదు. ఆల్ప్స్ అంత ఎత్తు అసలే కాదు. ఇంకా చెప్పాలంటే మనం ఎల్‌బీ నగర్ నుంచి "కొండల్లోకి పోతున్నాం" అని బస్సెక్కి, నిజానికి కిందికి దిగుతాం. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకి పైనే ఉంది. పేరంటాలపల్లిలో బోటు ఆగే రేవు యాభై మీటర్లు కూడా ఉండదు. కొండలు పైకి లేచి ఉంటాయి, ఊరు మాత్రం నది పక్కన, కొండ కాళ్ళ దగ్గర ఉంటుంది. ఈ ఎత్తు లెక్క గుర్తుపెట్టుకోండి. ఆ ఊరి భవిష్యత్తు అంతా ఈ లెక్క మీదే ఆధారపడి ఉంది, కాసేపట్లో అక్కడికి వస్తా.

ముందు నేషనల్ పార్క్ అంటే ఏంటో చూద్దాం. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్స్‌లో ఉండేవాళ్ళు ఒక్కసారి ఆలోచించండి, మన పక్కనే ఒక నేషనల్ పార్క్ ఉంది. వనస్థలిపురం దాటి విజయవాడ హైవే మీద పోతుంటే పక్కన పొడుగ్గా కంచె కనిపిస్తుందే, అదే మహావీర్ హరిణ వనస్థలి. 1975లో జింకల పార్కుగా మొదలైంది, 1994లో నేషనల్ పార్క్ అయింది. ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి. ఇప్పుడు కృష్ణజింకలు, చుక్కల దుప్పులు, నెమళ్ళు ఉంటాయి. మనుషులు మాత్రం కాపురం ఉండరు. కంచె లోపల జంతువులు, బయట మనం. చాలామంది బుర్రలో నేషనల్ పార్క్ అంటే ఇదే బొమ్మ.

ఆల్ప్స్‌లో కూడా ఇలాంటిది ఉంది. స్విట్జర్లాండ్ వాళ్ళ నేషనల్ పార్క్ 1914లో మొదలైంది. ఊళ్ళన్నీ దాని అంచుల్లోనే ఉంటాయి, లోపల ఎవరూ ఉండరు, వెళ్ళినవాళ్ళు గుర్తు పెట్టిన దారి దిగకూడదు. రీల్స్‌లో మీరు చూసే ఊళ్ళలో చాలావరకు నేషనల్ పార్క్‌లో ఉన్నవి కావన్నమాట.

పాపికొండలది వేరే కథ. తూర్పు కనుమల్ని గోదావరి చీల్చుకొని వచ్చే చోటు ఇది. రెండు పక్కలా కొండలు, మధ్యలో నది, జుట్టు మధ్యలో పాపిడి తీసినట్టు ఉంటుంది, అందుకే పాపిడికొండలు పాపికొండలు అయ్యాయని చెప్తారు. 1978లో అభయారణ్యం చేశారు, 2008లో నేషనల్ పార్క్ అని ప్రకటించారు. విస్తీర్ణం 1,012 చదరపు కిలోమీటర్లకి పైనే. మన హరిణ వనస్థలి పదిహేను కూడా లేదు, పోల్చుకోండి. పులి, చిరుతపులి, అడవి దున్న, ఎలుగుబంటి అన్నీ ఉన్న అడవి. కానీ పార్క్ అని బోర్డు పెట్టేనాటికే అక్కడ తరాల నుంచి మనుషులున్నారు. వాళ్ళే కొండరెడ్లు.

పేరు చూసి కన్‌ఫ్యూజ్ అవ్వొద్దు. మనకి తెలిసిన రెడ్డి కులానికీ వీళ్ళకీ సంబంధం లేదు. కొండరెడ్లు ఒక ఆదివాసీ తెగ. ప్రభుత్వ లెక్కల్లో "ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాలు" అని ఒక జాబితా ఉంటుంది, అందులో ఉన్నారు. పోడు వ్యవసాయం, వెదురు పని, అడవిలో దొరికే దుంపలు, పళ్ళు, జీలుగు చెట్టు కల్లు. మామిడి టెంకల్లోని పప్పు ఎండబెట్టి, దంచి, అంబలి కాచుకునే అలవాటు ఉంది. మనం జ్యూస్ తాగి టెంక చెత్తబుట్టలో పడేస్తాం, వాళ్ళకి అది తిండి గింజలు అయిపోయిన రోజుల్లో ఆకలి తీర్చే సరుకు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన ముక్క ఒకటి చెప్పాలి. ఈ కొండరెడ్ల గురించి మొదటి పెద్ద పుస్తకం రాసింది ఎవరో తెలుసా? ఆల్ప్స్ ఉన్న దేశం నుంచే వచ్చిన మనిషి. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్, వియన్నాలో పుట్టిన ఆంత్రొపాలజిస్ట్. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఆయన ఇండియాలో ఉన్నాడు, చేతిలో జర్మన్ పాస్‌పోర్ట్. బ్రిటిష్ వాళ్ళ దృష్టిలో శత్రుదేశం మనిషి. అందుకని హైదరాబాద్ సంస్థానం దాటి పోకూడదని కట్టడి చేశారు. ఆయన ఖాళీగా కూర్చోలేదు, నల్లమలలో చెంచుల దగ్గరికి, తర్వాత గోదావరి కొండల్లో రెడ్ల దగ్గరికి, ఆదిలాబాద్ గోండుల దగ్గరికి పోయాడు. రెడ్ల మీద పుస్తకం 1945లో వచ్చింది. పాపికొండల్ని అందులో బైసన్ హిల్స్ అంటాడు, అంటే అడవి దున్నల కొండలు. వెదురు నరికించే కాంట్రాక్టర్లు అప్పుల పేరుతో రెడ్లని ఎట్లా పిండుకున్నారో వివరంగా రాశాడు. పేరంటాలపల్లి ఉన్న ఒడ్డు అప్పట్లో నిజాం రాజ్యం. అంటే ఆ కొండల ఊరి కాగితాలు ఒకప్పుడు మన హైదరాబాద్‌కే వచ్చేవి.

తర్వాత ఆ ప్రాంతం ఖమ్మం జిల్లాలో ఉండేది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు మండలాలని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. పేరంటాలపల్లి ఉన్న వేలేరుపాడు మండలం అందులో ఒకటి. కాబట్టి మీరు భద్రాచలం దాకా తెలంగాణలోనే ఉంటారు, టౌన్ దాటిన కాసేపటికే ఎటపాక దగ్గర ఆంధ్రలోకి వెళ్తారు.

సరే, ఎట్లా పోవాలి? ఎంజీబీఎస్‌లో బయల్దేరే భద్రాచలం బస్సుల్లో చాలావరకు దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ మీదుగానే పోతాయి. రాత్రి ఎక్కితే తెల్లారేసరికి భద్రాచలం. సూర్యాపేట, ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా 300 కి.మీ. పైనే. రైలు కావాలంటే కొత్తగూడెంలో ఉన్న భద్రాచలం రోడ్ స్టేషన్ దాకా పోయి, అక్కడినుంచి మళ్ళీ 40 కి.మీ. రోడ్డు. పేరులో భద్రాచలం ఉంది కదా అని గుడి ముందు ఆగుతుందనుకోకండి.

భద్రాచలం నుంచి బోటు పాయింట్ పోచవరం. కూనవరం, వీఆర్ పురం మీదుగా డెబ్భై, ఎనభై కిలోమీటర్ల దారి. కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది, టైముంటే ఒక ఐదు నిమిషాలు ఆగి చూడండి. పోచవరం నుంచి బోటులో పేరంటాలపల్లి. పొద్దున ఎక్కితే సాయంత్రానికి మళ్ళీ ఒడ్డున పడతారు. రాజమండ్రి వైపు నుంచి గండి పోచమ్మ దగ్గర ఎక్కే దారి కూడా ఉంది, కానీ మనకి ఇదే దగ్గర. టికెట్ కొనేటప్పుడు ఒకటి అడగండి: భద్రాచలం నుంచి పోచవరం బండి ఖర్చు, భోజనం ఇందులోనే ఉన్నాయా, వేరేనా? నేను వెళ్ళినప్పుడు మా పక్క సీటు కుర్రాళ్ళకి ఒక ఏజెంట్ టికెట్ మాత్రం అమ్మి, బండి సంగతి చెప్పలేదు. పొద్దున్నే ఆటో కోసం పరుగులు.

ఇప్పుడు నీళ్ళ సంగతి. ఈ ఎపిసోడ్‌లో మిగతాదంతా మర్చిపోయినా ఈ భాగం మర్చిపోవద్దు.

2019 సెప్టెంబర్ 15, ఆదివారం. రాయల్ వశిష్ట అనే బోటు రాజమండ్రి వైపు నుంచి పాపికొండలకి బయల్దేరి, దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. అందులో 77 మంది ఉన్నారు. యాభై మంది దాకా చనిపోయారు. హైదరాబాద్, వరంగల్ వైపు నుంచి పోయిన కుటుంబాలు అందులో చాలా ఉన్నాయి. ఆ రోజు గోదావరిలో 5 లక్షల క్యూసెక్కుల వరద పోతోంది. ఒక క్యూసెక్కు అంటే సెకనుకి 28 లీటర్లు. అంటే సెకనుకి కోటీ నలభై లక్షల లీటర్లు. అంత నీరు, కొండల మధ్య ఇరుకైన దారిలో. నది వెడల్పు తగ్గేకొద్దీ లోతు, వేగం పెరుగుతాయి, వంపు దగ్గర సుడులు లేస్తాయి. ఫొటోలో మనకి అందంగా కనిపించే ఇరుకే వరదలో ప్రాణం తీసే చోటు. బతికిన ఇరవై ఆరుగురిని చాలావరకు కాపాడింది ఎవరో తెలుసా? ఆ పక్క గూడేల గిరిజనులు, తమ చిన్న పడవలేసుకొని వచ్చి. బోటుని పైకి తియ్యడానికి ఐదు వారాలు పట్టింది. కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం టీమ్ అక్టోబర్ 22న బయటికి లాగింది.

ఆ తర్వాత బోట్లు ఆపేశారు, 2021లో మళ్ళీ మొదలుపెట్టారు. కంట్రోల్ రూములు పెట్టారు, లెక్క చూసి పంపిస్తారు. అయినా మీ జాగ్రత్త మీది. మీ చేతిలో ఫోన్ ఉంది కదా, బయల్దేరే ముందు భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం ఎంతో చూడండి. 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. హెచ్చరిక ఉంటే ఆ వారం ట్రిప్ లేదు, అంతే. హెచ్చరిక లేదని జూలై నుంచి సెప్టెంబర్ మధ్య టికెట్ అమ్మజూపినా కొనకండి. ఎగువన ప్రాణహిత, ఇంద్రావతి, శబరి కలిసి వస్తే రాత్రికి రాత్రి నది మారిపోతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి మంచి కాలం, నీళ్ళు నిదానంగా ఉంటాయి, పొద్దున నది మీద పొగమంచు కూడా ఉంటుంది.

లైఫ్ జాకెట్ సంగతికొస్తే, ఎక్కేటప్పుడు వేసుకొని, భోజనం దగ్గర ఉక్కపోస్తోందని తీసేసి, ఫొటోకి అడ్డమొస్తోందని పక్కన పెట్టేస్తారు. నేను ఎక్కిన బోటులో గంట గడిచేసరికి సగం జాకెట్లు సీట్ల మీదున్నాయి. మీది మాత్రం దిగేదాకా ఒంటి మీదే ఉండాలి, కింది బకిల్‌తో సహా పెట్టుకోవాలి.

ఊళ్ళోకి వద్దాం. రేవు నుంచి మెట్లెక్కితే ముందు రామకృష్ణ ముని వాటిక వస్తుంది. 1920ల్లో బాలానంద స్వామి పెట్టిన ఆశ్రమం. శివుడి గుడి, పక్కన కొండమీంచి దిగే వాగు, పెద్ద పెద్ద చెట్లు. వాగు నీళ్ళు ఎండలో కూడా చల్లగా తగులుతాయి. టూరిస్టుల్లో ఎక్కువమంది ఇక్కడిదాకా వచ్చి, వాగులో కాళ్ళు పెట్టి, ఫొటో దిగి, బోటు హారన్ కొట్టగానే వెళ్ళిపోతారు. ఊరు వాళ్ళకి కనిపించదు. దారికి పక్కన వెదురు బొమ్మలు పెట్టుకొని కూర్చున్న ఆడవాళ్ళు మాత్రం కనిపిస్తారు. వెదురు పూలు, చిన్న పడవలు, బుట్టలు. నేను ఒక పెద్దమ్మ దగ్గర కూర్చొని చూశాను. ఒక వెదురు ముక్కని కత్తితో పలచగా చెక్కుతూ పోతే, చివర తెగకుండా, రేకులు విచ్చుకున్నట్టు పూవు అవుతుంది. నా కళ్ళ ముందే ఒకటి తయారయింది, ఆమె చేతి వంక కూడా చూసుకోలేదు, పక్కామెతో మాట్లాడుతూనే ఉంది.

నా ముందే ఒకడు ఆ పూవు పట్టుకొని, "ఇరవైకి ఇస్తావా, పదికి ఇస్తావా" అని బేరం. వాడి చేతిలో ఫోన్ లక్ష రూపాయలది. నాకైతే సిగ్గనిపించింది, వాడికి అనిపించలేదు.

ఇక ఆ ఎత్తు లెక్క. గోదావరి మీద కింద పోలవరం ప్రాజెక్టు కడుతున్నారు కదా. రిజర్వాయర్ పూర్తిగా నిండితే నీళ్ళు నిలిచే మట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. మొదటి దశలో 41.15 మీటర్ల దాకా అంటున్నారు. కొండ కాళ్ళ దగ్గర, నది పక్కన ఉన్న ఊళ్ళకి దీని అర్థం ఏంటో మీరే ఊహించుకోండి. ప్రాజెక్టు వల్ల కదలాల్సిన కుటుంబాలు లక్షకి పైనే, రెండు ఒడ్లా కలిపి. డ్యామ్ పూర్తవక ముందే, ఎగువ కాఫర్ డ్యామ్ కట్టిన దగ్గర్నుంచి వరద నీళ్ళు వెనక్కి తన్ని, గండి పోచమ్మ గుడి ఏటా మునుగుతోంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, 1986 తర్వాత అంత వరద రాలేదు. వేలేరుపాడు మండలంలో ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేసి కొండలెక్కారు.

ఒకపక్క సాగునీళ్ళు, కరెంటు, కోట్లమందికి లాభం అనే మాట ఉంది. దాన్ని నేను కొట్టిపారెయ్యను, మన ప్లేట్లో అన్నం కూడా ఏదో డ్యామ్ నీళ్ళతో పండినదే. కానీ పునరావాస కాలనీలో ఇల్లు ఇచ్చినంత మాత్రాన వెదురు రాదు, జీలుగు చెట్టు రాదు, వాగు రాదు. కొండరెడ్ల లాంటి తెగలకి వాళ్ళ ఆవాస ప్రాంతం మొత్తం మీద హక్కు ఉంటుందని 2006 అటవీ హక్కుల చట్టమే చెప్తోంది, ఒక్క ఇంటి స్థలం మీద కాదు. పైన పార్క్, కింద రిజర్వాయర్, మధ్యలో వీళ్ళు. పైకి జరుగుదామంటే అది నేషనల్ పార్క్ అడవి, కొత్తగా పోడు కొట్టనివ్వరు. అక్కడే ఉందామంటే నీళ్ళు.

"అయితే మునిగిపోకముందే పోయి చూసెయ్యాలి కదా అన్నా" అని కొందరంటారు. ఆ మాట నాకు నచ్చదు. చావుబతుకుల్లో ఉన్న మనిషిని చూడ్డానికి పోయి సెల్ఫీ దిగినట్టుంటుంది. చూడాలనిపిస్తే వెళ్ళండి, బతికున్న ఊరికి వెళ్ళినట్టు వెళ్ళండి. ఇంటి ముందు నిలబడి అడక్కుండా లోపలికి ఫోన్ పెట్టొద్దు. పిల్లలకి చాక్లెట్లు పంచి వీడియో తీసుకోవద్దు. డ్రోన్ అసలు తీసుకెళ్ళొద్దు, నేషనల్ పార్క్‌లో అనుమతి లేకుండా ఎగరెయ్యకూడదు. బ్లూటూత్ స్పీకర్ బోటులో పెట్టినా కొండలకి తగిలి రెండింతలై ఊరంతా వినిపిస్తుంది. చిప్స్ ప్యాకెట్లు, వాటర్ బాటిళ్ళు ఎన్ని తీసుకెళ్ళారో అన్నీ భద్రాచలం దాకా తిరిగి తెచ్చుకోండి, ఆ ఊరికి మన చెత్త బండి రాదు.

చివరిగా డబ్బుల సంగతి. పోచవరం దాటాక సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి, చాలాచోట్ల ఫోన్‌పే, గూగుల్‌పే నడవవు. ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కే ముందే పది, ఇరవై, యాభై నోట్లు మార్చుకొని పెట్టుకోండి. ఐదొందల నోటు తీస్తే ఆ పెద్దమ్మ దగ్గర చిల్లర ఉండదు, అప్పుడు మీరు "సారీ" అని పూవు తిరిగి ఇచ్చేస్తారు. నేను నాలుగు పూలు కొన్నా, రెండు దారిలో విరిగాయి. గట్టి డబ్బా ఏదైనా తీసుకెళ్తే మంచిది, టిఫిన్ బాక్స్ అయినా సరిపోతుంది.